ప్రశ్న ముందు, పట్టా తర్వాత

"ఆన్‌లైన్‌లో ఏ పీజీ చేయమంటారు?" అని మన పిల్లలు అడుగుతుంటారు. మేము తిరిగి ఒకటే అడుగుతాం: నీ మనసును తొలుస్తున్న ప్రశ్న ఏది?

కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు మాత్రం ఊరి పక్కనే ఉన్నాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. అక్కడ పనిచేసినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ దుమ్ము సంగతి తేల్చాలంటే ప్రజారోగ్యం కావాలి, పర్యావరణ శాస్త్రం కావాలి, కార్మిక చట్టం, గనుల చరిత్ర కూడా కావాలి. ఏ ఒక్క ఎం.ఏ.లోనూ ఇవన్నీ దొరకవు.

అందుకే మనమే కూర్చుకోవాలి. ప్రధానంగా ఒక సబ్జెక్టులో చేరండి; మిగతావి కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికలో వెతకండి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు అక్కడ చేయవచ్చు. అయితే పాఠం విన్నంత మాత్రాన క్రెడిట్ రాదు. పరీక్ష రాయాలి, మీ విశ్వవిద్యాలయం ఆ కోర్సును ఒప్పుకోవాలి. ఫీజు కట్టకముందే ఆ ఒప్పుదల కాగితం మీద తీసుకోండి. నోటిమాట నమ్మి మాలో ఒకరు ఏడాది పోగొట్టుకున్నారు.

చివరి ప్రాజెక్టుకు మాత్రం గనుల్లో దిగిన తాతల దగ్గర కూర్చోండి. వాళ్ల ఆసుపత్రి చీటీలు, పని కాగితాలు అనుమతి అడిగి రాసుకోండి. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కలుద్దాం. ఎవరి ప్రశ్న వాళ్లు ఒక్క వాక్యంలో రాసి తీసుకురండి.