తెలుగు ఛానళ్లు – రసీదు లేని పెట్టె



మొన్న మా వీధిలో ఒకరి ఇంట నల్లని పెట్టె చూశాను. ఏడాది చందా కడితే ఇంటర్నెట్ ద్వారా తెలుగు ఛానళ్లన్నీ వస్తాయట. రసీదు అడిగితే అమ్మినవాడు నవ్వి ఊరుకొన్నాడట!

ఇంటర్నెట్ టీవీ నిషిద్ధం కాదు. 2008లోనే కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఐపీటీవీకి మార్గదర్శకాలు ప్రకటించింది. కేంద్రం అనుమతించిన ఛానళ్లనే అందించాలన్నది నియమం. ఛానలు యజమానితో ఒప్పందం లేకుండా ప్రసారాన్ని అమ్ముకోవడం మాత్రం 1957 నాటి కాపీరైటు చట్టం క్రింద నేరం; శిక్ష మూడేళ్ల జైలు వరకు ఉంటుంది. ఆ పెట్టె రేపు మూగబోతే మనం ఎవరికి ఫిర్యాదు చేయగలం?

అయినా మనవారు దానిని ఎందుకు కొన్నారు? కేబులులో తెలుగు ఛానళ్లు ఒక్కొక్కటే తగ్గిపోయినందువల్లనే. కేబులువారైనా, అనుమతి పొందిన ఐపీటీవీవారైనా తమ వద్దనున్న పే ఛానలును విడిగా ఇవ్వవలసిందేనని ట్రాయ్ 2017లో నిర్దేశించింది. సినిమాలు, ధారావాహికలు చూపే యాప్‌ల చందాలకు ఆ ఉత్తర్వు వర్తించదు. అక్కడ ధర వారిష్టం.

కావలసిన ఛానళ్ల పేర్లు కేబులువానికి వ్రాసి ఇవ్వండి, నకలు దాచుకోండి. నేనూ ఇచ్చాను. జవాబు రాలేదు, సోమవారం మళ్లీ వెళుతున్నాను. తోడు వచ్చేవారు సభ ముగిశాక పేరు చెప్పండి.