కూలి తెల్లవారేదాకా నిలవకూడదు



'క్రైస్తవుని పరిశుద్ధ జీవితం' అన్న విషయాన్ని ఈ స్మారక ప్రసంగం నిర్వాహకులే నాకిచ్చారు. దీని మీద మనకు ప్రసంగాల కొరత లేదు. ఉజ్జీవ కూటాల్లో, ఉపవాస కూటాల్లో, యవ్వనస్థుల కూడికల్లో ఏటా వింటున్నాం. సినిమా, నగలు, తాగుడు, పొగ, కట్టుబొట్టు: ఆ ప్రసంగాలు ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతాయి. వాటిని నేను తీసిపారెయ్యను. మొగుడు తాగుడు మానేశాక ఇంట్లో ఏం మారిందో ఆ ఇల్లాలిని అడిగితే చెబుతుంది. కానీ పరిశుద్ధత అంటే ఏమిటో లేఖనం ఎక్కడ విప్పి చెప్పిందో ఈ సాయంత్రం అక్కడి నుంచి మొదలుపెట్టాలని నా కోరిక.

లేవీయకాండం 19వ అధ్యాయం తీయండి. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన ప్రజలూ పరిశుద్ధులై ఉండాలన్న ఆజ్ఞ మొదట్లోనే ఉంది. ఆ వెంటనే తల్లిదండ్రుల మాట, విశ్రాంతి దినం మాట, విగ్రహాల మాట, బలి అర్పణ మాట వస్తాయి. ఇంతవరకూ మనం ఎదురుచూసేదే. అక్కడి నుంచి అధ్యాయం పొలంలోకి దిగుతుంది. కోతలప్పుడు చేను అంచుల దాకా కోసెయ్యవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్యమంటుంది. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. చెవిటివాణ్ని తిట్టవద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం వెయ్యవద్దు, కొండేలు మోయవద్దు అంటుంది. తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని జాలి, గొప్పవాడని మొహమాటం రెండూ కూడదంటుంది. చివరికొచ్చేసరికి త్రాసు, తూనికరాళ్లు, కొలపాత్రల లెక్క. మధ్యలో రెండు రకాల నూలు కలిపిన బట్ట గురించీ, గడ్డం అంచుల గురించీ ఉంది. వాటి జోలికి ఈ రోజు పోను.

ఈ ఆజ్ఞల్లోని మనుషులను కాస్త దగ్గరగా చూద్దాం. చెవిటివాడికి తిట్టు వినపడదు. గుడ్డివాడికి రాయి పెట్టిందెవరో తెలియదు. కూలివాడికి రేపు మళ్లీ పని కావాలి, అందుకే గట్టిగా అడగలేడు. పరిగె ఏరుకునే బీదరాలు రైతు మీద ఏ పంచాయితీకీ వెళ్లదు. మనల్ని తిరిగి ఒక్క మాట అనలేని మనిషి దగ్గర మనం ఎలా ఉంటున్నాం? ఆ అధ్యాయం మన పరిశుద్ధతను అక్కడ పట్టి చూస్తుంది. గుళ్లో మోకరించినప్పుడు నలుగురూ చూస్తారు. వీళ్ల దగ్గర మనం చేసేదాన్ని దేవుడొక్కడే చూస్తాడు.

ఇది పాత నిబంధనతో ఆగిపోలేదు. పేతురు తన మొదటి పత్రికలో ఇదే ఆజ్ఞను చెదరిపోయిన విశ్వాసులకు మళ్లీ గుర్తుచేశాడు. కోతగాళ్ల కూలి ఎగ్గొట్టిన ధనవంతుల మీద ఆ కూలే మొరపెడుతోందని యాకోబు రాశాడు. కొరింథులో కలిగినవాళ్లు ముందుగా వచ్చి తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో కూర్చునేవారు. అలా తిన్నది ప్రభువు రాత్రి భోజనమే కాదని పౌలు తేల్చేశాడు. అదే పత్రిక మొదట్లో ఆ కొరింథువాళ్లనే పరిశుద్ధులని పిలిచాడు. పిలుపు ముందు వచ్చింది, ఆ పిలుపుకు తగ్గట్టు బల్ల దగ్గర కూర్చోవడం తర్వాత నేర్చుకోవాల్సి వచ్చింది. మన సంగతీ అంతే.

ఇక మన నేల మీదికి వద్దాం.

1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. తాళ్లకొండపాడు నుంచి తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నదీ ఆ ఏడే. మాదిగపల్లెల్లో సువార్త పాకడానికి దొర కంటే పేరయ్య కాళ్లే ఎక్కువ తిరిగాయి. కొత్తగా చేరినవాళ్లకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి ఇవి చిన్న నియమాలు. ఆ రోజుల్లో ఊరి కట్టుబాటులో పెట్టి చూస్తే వీటి బరువు తెలుస్తుంది. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవడం మాదిగల వెట్టి, ఆ మాంసమే వాళ్లకిచ్చే ప్రతిఫలంలో ఒక భాగం. తినం అన్నారంటే ఆ లెక్కే చెదిరింది. జాతరలో డప్పు కొట్టం అన్నారంటే ఊరి దేవత పండగే ఆగింది. కోతల కాలంలో ఆదివారం రాం అన్నారంటే ఆసామి చేలో పని నిలిచిపోయింది. అప్పటిదాకా ఎవరికీ ఎదురు చెప్పనివాళ్లు ముగ్గురు యజమానులకు ఒకేసారి కుదరదని చెప్పారు. దెబ్బలు తిన్నారు, వెలిపడ్డారు. పరిశుద్ధులుగా ఉండడమంటే వాళ్లకు ఆ 'కుదరదు' అనే మాటే. బలవంతుడికి ఆ ఆజ్ఞ చెయ్యి వెనక్కి తీసుకోమంటుంది, బలహీనుడికి తల ఎత్తమంటుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ నియమాల్లో పరాయి దేశపువాళ్ల ఏవగింపు కూడా కొంత కలిసిందని, తిండినీ డప్పునూ తప్పుపట్టారని ఈనాటి దళిత రచయితలు అంటున్నారు. అందులో నిజముంది. ఆ ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే, ఈదుముడిలో, 1994లో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది, ఆ డప్పే ఆత్మగౌరవంగా మోగింది. డప్పులో అపవిత్రత లేదు. కొట్టి తీరాలన్న శాసనంలో ఉంది. పేరయ్య తరం వదిలించుకున్నది ఆ శాసనాన్నే అని నా నమ్మకం.

1876 నుంచి 78 దాకా కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. తట్టలు మోసి అలిసిన జనం చెట్ల నీడన చేరితే అక్కడే వాళ్లతో దేవుని మాట మాట్లాడారు. ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. పదిహేను నెలల పాటు ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం పేరు రాయించుకున్నారన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆయన పట్టుదల. లెక్కలు చూపించి అమెరికాకు గొప్పగా రాసుకోవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన దాన్ని వదులుకున్నాడు. కూలి ఇచ్చే పని ముగిసి, పంచడానికి చేతిలో డబ్బు లేని రోజు వచ్చాక తలుపు తెరిచాడు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనం వేదికల మీద గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనకున్న పదిహేను నెలల నిగ్రహం గురించి కూడా చెప్పుకోవాలి. ఆకలిగా ఉన్నవాడి నిస్సహాయతను సంఘం పెరగడానికి వాడుకోకపోవడం కూడా పరిశుద్ధతే. ఈ రోజు స్వస్థత పేరు చెప్పి రోగి ఇంటివాళ్ల దగ్గర కానుకలు వసూలు చేసే కూటాలను చూసినప్పుడు నాకు ఆ పదిహేను నెలలే గుర్తుకొస్తాయి.

దోర్నకల్ మాట కూడా చెప్పుకుందాం. తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని పల్లెజనానికి చెప్పేవాడు. అప్పును కూడా ఆ వరుసలో పెట్టడం నాకు ఎంతో నచ్చుతుంది. వడ్డీకి తాకట్టుపడ్డ మనిషికి ఆదివారం కూడా సొంతం కాదు, ఆ సంగతి ఆయనకు తెలుసు.

మన ఇళ్లలో పిడికెడు బియ్యం ఆచారం ఇంకా కొన్నిచోట్ల బతికే ఉంది. ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడగబోయే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తుంది. ఆ పూట ఇంట్లో ఎనిమిది నోళ్లున్నా వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్తుంది. భూమి లేని కూలిజనం లేవీయకాండపు చేను అంచును తమ చేటలో ఇలా మిగిల్చారు. మన తెలుగు సంఘం చేసిన వ్యాఖ్యానాల్లో ఇంతకంటే గొప్పది నాకు కనపడలేదు.

ఈ స్మారక ప్రసంగ నిధి ఎవరి జ్ఞాపకార్థం ఏర్పడిందో ఆ మాస్టారు చాలా ఏళ్లు సంఘ కోశాధికారిగా ఉన్నారు. ఆరాధన అయ్యాక కానుక పళ్లెం ఒంటరిగా ఎప్పుడూ ముట్టుకోలేదు. మరో ఇద్దరిని కూర్చోబెట్టి, లెక్కించి, ఆ మొత్తాన్ని గుడి వరండాలోని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవారు. దాని కిందే ఉపదేశి జీతం, గుడి ఊడ్చే అక్క జీతం ఏ తేదీన ఇచ్చారో కూడా రాసేవారు. ప్రార్థన ఆయన చాలా కొద్దిగా చేసేవారు, అదీ మెల్లగా. మన సంఘాల్లో ఎన్నింట్లో అలాంటి నల్లబల్ల ఉందో పెద్దలు చెప్పాలి.

ఇక చెప్పక తప్పనిది కులం. ఒకే పళ్లెంలో రొట్టె, ఒకే గిన్నెలో రసం పంచుకుని, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేర్లు తవ్వుతున్నాం. మాలలు, మాదిగలు విడివిడిగా కూడుకునే గుళ్లున్నాయి, సమాధుల దగ్గర గీతలున్నాయి. పై కులాల నుంచి వచ్చినవాళ్లకు వేరే వరసలున్నాయి. దీన్ని సంప్రదాయమని సర్దిచెప్పుకోవడం నాకు సాధ్యం కాదు. కొరింథు బల్ల దగ్గర పౌలు తప్పుపట్టింది దీన్నే.

దీంతో ముడిపడిన ఇంకో సంగతి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివాళ్లకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని సవరించారు. క్రైస్తవులకు సవరించలేదు. అందుకే మన పిల్లల్లో ఎందరో ఆదివారం ఒక పేరుతో, కళాశాల దరఖాస్తులో ఇంకో పేరుతో బతుకుతున్నారు. వాళ్లు అబద్ధంలో బతుకుతున్నారని గద్దించే బోధకులున్నారు. అబద్ధం అబద్ధమే, నేను దాన్ని కడిగెయ్యను. కానీ గుడికి వెళ్లినందుకు పల్లెలో వాళ్ల మీది అంటరానితనం ఏమీ తగ్గలేదు, తగ్గింది వాళ్లకు దక్కాల్సిన సీటే. అలాంటి కుర్రాడు రేపు నా దగ్గరకొచ్చి, అంకుల్, నిజం రాయమంటారా అని అడిగితే, రాయమనే చెప్పాలి. ఆ మాట అనే ముందు అతని ఫీజు కట్టడానికి, ఆ చట్టం మార్చమని అతనితో కలిసి కలెక్టరాఫీసు ముందు కూర్చోవడానికి మన సంఘంలో ఎందరు వస్తారో పేర్లు రాసి అతని చేతికివ్వాలి. ఆ కాగితం మీద మొదటి పేరు నాది రాసుకోండి.