నాస్తికుని ఇంట పేర్లు

దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్నకు మనిషి చెప్పుకునే జవాబు అతని అస్తిత్వాన్ని, అంటే తానెవరని తాను అనుకునేదానినీ లోకం అతణ్ణి ఎవరిగా గుర్తించేదానినీ కలిపిన మొత్తాన్ని, ఎంతవరకు నిర్ణయిస్తుందన్నది భారతదేశంలో చిక్కైన విషయం. ‘నాస్తికుడు’ అన్న మాట చరిత్రలోనే ఆ చిక్కు ఉన్నది. పాణిని సూత్రాన్నిబట్టి ‘లేదు’ అనే మతి గలవాడు నాస్తికుడు. లేనిది ఏదో సూత్రం చెప్పలేదు, పరలోకమని వ్యాఖ్యాతలు వివరించారు. మనుస్మృతి వేదనిందకుణ్ణి నాస్తికుడన్నది. అందువల్లనే జగత్కర్తగా ఈశ్వరుణ్ణి అంగీకరించని పూర్వమీమాంసకులు ఆస్తికుల పంక్తిలో దర్జాగా కూర్చోగా, వేదప్రామాణ్యాన్ని కాదన్న చార్వాక, బౌద్ధ, జైనులు పంక్తికి వెలి అయ్యారు. ఆ మాట కొలిచినది నమ్మకాన్ని కాదు, విధేయతను.

ఆధునికాంధ్రంలో ఈ సంగతిని ఆచరణలో పట్టుకున్నవాడు గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్రం బోధిస్తూ నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్న ఆయన, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో దానిని విజయవాడకు తరలించాడు. మనసులోంచి దేవుణ్ణి తొలగించి, జంధ్యాన్నీ కులాన్నీ పేరునూ యథాతథంగా ఉంచుకున్నవానికి ఊళ్లో ఏ ఇబ్బందీ రాదు, ఎందుకంటే అతని అస్తిత్వంలో ఇతరులకు కనిపించే భాగమేదీ మారలేదు. గోరా చేయి పెట్టినది సరిగ్గా ఆ భాగం మీదనే. రాములూ వెంకటేశ్వర్లూ సీతమ్మలూ నిండిన తెలుగునాట, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకుకు లవణమనీ, రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవానికి సమరమనీ పేర్లు పెట్టాడు. వేలుపులను పిలవవలసిన చోట చరిత్రను పిలిచాడు. (ఆయన పొట్టి పేరులో మాత్రం ఇంటిపేరులోని ‘గో’తో పాటు రాముని ‘రా’ మిగిలిపోయింది!)

పెళ్లి దగ్గర ఈ ప్రయత్నం మరింత లోతుకు వెళ్లింది. పేరును తండ్రి ఒక్కడే మార్చగలడు గాని, వియ్యానికి రెండు కుటుంబాలు కావాలి. పెద్ద కుమార్తె మనోరమకు దళితుడైన అర్జునరావుతో వివాహం తలపెట్టినప్పుడు, ఆ తంతులో దేవుని పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి పరమ ఆస్తికుడైన గాంధీ సమ్మతించాడు. ఆయన హత్య అనంతరం 1948లో గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి జరిగింది. లవణం 1960లో కవి జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడాడు. నాస్తికత్వాన్ని కేవలం తర్కంగా చూసే విమర్శకులు ఈ పెళ్లిళ్లను జీవిత విశేషాల పట్టికలోకి నెట్టివేస్తారు గాని, గోరా వాదంలో బలమైన భాగం ఇదే.

చట్టం చూపు వేరు. 1955 నాటి హిందూ వివాహ చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులతో పాటు ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతాలకు చెందని ఇతరులకు కూడా సాధారణంగా వర్తిస్తుంది. దేవుణ్ణి నమ్ముతున్నావా అని అది ఎవరినీ అడగదు. జంధ్యం తెంచి, పంక్తి మార్చి, బిడ్డలకు కొత్త పేర్లు పెట్టుకున్నవాడు కూడా అక్కడ హిందువుల లెక్కలోనే ఉంటాడు.