కొట్టు దగ్గర మన బాధ్యత
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి ముందు మాట్లాడినవారు సవివరంగా చెప్పారు. నన్ను దుకాణాల్లో జరిగే దొంగతనాలు, మోసాల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పోలీసు శాఖలో పనిచేసినవాడిని కాను, ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయినా ఈ విషయంలో నా తప్పు ఒకటి ఉన్నది గనుక ఒప్పుకున్నాను.

మా వీధి చివర కిరాణా కొట్టు ఉంది. ఒకనాటి సాయంత్రం కొట్టు నిండా జనం. ఇద్దరు యువకులు నూనె డబ్బాలు, కందిపప్పు పొట్లాలు తీసుకొని, సెల్‌ఫోను చూపించి "డబ్బు కొట్టేశాం" అన్నారు. గల్లాపెట్టె దగ్గర కుర్రవాడు యజమాని ఫోనులో సరిచూసుకోబోయాడు. అంతలో వెనకనుంచి ఒక పెద్దమనిషి "త్వరగా కానియ్యి బాబూ, మాత్ర వేసుకునే వేళయింది" అని కసిరాడు. కుర్రవాడు సరిచూడకుండానే వాళ్లను పంపేశాడు. ఆ పెద్దమనిషిని నేనే.

రాత్రి లెక్క చూస్తే ఆ 2,340 రూపాయలు జమ కాలేదు. వాళ్లు చూపించినది దొంగ తెర. డబ్బు వెళ్లినట్లు బొమ్మ మాత్రం చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయట. యజమాని ఆ మొత్తాన్ని కుర్రవాడి జీతంలో కోస్తానన్నాడు. మర్నాడు పాలకు వెళ్లినప్పుడు వాడి ముఖం చూసి సంగతి అడిగాను. "ఈ నెల అమ్మకు డబ్బు పంపలేను తాతగారూ" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

యజమాని దగ్గర కూర్చొని జరిగినది చెప్పాను. మన ఆఫీసుల్లో సంజాయిషీ అడగకుండా రికవరీ పెట్టేవారా? ఉద్యోగికి అప్పగించిన సరుకుకో, అతడు లెక్క చెప్పవలసిన డబ్బుకో నష్టం వస్తే, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్ల జరిగినప్పుడే జీతంలో కోయాలనీ, కోసేముందు అతని మాట వినాలనీ 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. "తొందర పెట్టినవాడిని నేను, సగం నా దగ్గర తీసుకోండి" అన్నాను. ఆయన మంచివాడు. నా డబ్బు తీసుకోలేదు, కుర్రవాడి జీతమూ కోయలేదు. ఆ వారమే డబ్బు జమ కాగానే పైకి చెప్పే స్పీకరు పెట్టె పెట్టించాడు. ఇప్పుడు అది పలికేదాకా నేను కూడా నోరు మూసుకొని నిలబడతాను.

ఇక మన జాగ్రత్తలు. డబ్బు పంపేముందు ఫోనులో కనబడే పేరు కొట్టువారిదేనా అని అడగండి. అసలు క్యూఆర్ కాగితం మీద దొంగలు తమది అతికించిన సందర్భాలున్నాయి. డబ్బు పంపడానికే పిన్ గాని, డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అంత తేలికగా ఆపగలరు. దౌర్జన్యం జరిగితే 112. కొట్టు బయట మెడలో గొలుసు లాగితే అది ఇప్పుడు ప్రత్యేక నేరం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షను కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఏ స్టేషను పరిధి అన్నదానితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

దొంగ దొరికితే మాత్రం స్తంభానికి కట్టి కొట్టడం మనకు తగదు. అది మరొక నేరం. పట్టుకున్న మామూలు పౌరుడు ఆలస్యం చేయక, ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలని చట్టం. కత్తి చూపించేవాడికి ఎదురు నిలవమని కొట్టు కుర్రవాడికి ఎవరూ చెప్పకూడదు. సరుకు మళ్లీ కొనుక్కోవచ్చు, ప్రాణం కొనలేము.

మరొక మాట. మన వయసులో మతిమరుపు సహజం. సబ్బు బిళ్ల చేతిసంచిలో వేసుకొని బిల్లు చేయించడం మరచిపోతే దొంగ అన్న మాట పడవలసి వస్తుంది. పెద్ద దుకాణాల్లో వాళ్లిచ్చిన బుట్టలోనే సరుకు వేయండి, బిల్లు చేతిలో ఉంచుకోండి. గుమ్మం దగ్గర పిల్లవాడు సంచి చూపమంటే కోపగించకండి. అది వాడి ఉద్యోగం.

రోజంతా నిలబడి మనకు సరుకు కట్టి ఇచ్చే ఆ పిల్లలు మన మనవల ఈడువారు. వారికి ఒక్క నిమిషం వ్యవధి ఇవ్వడం మన చేతిలో ఉన్న పని.