వేకువ పరుగు – ఆహార నియమం

(శ్రావణ మాస ఉపన్యాస పరంపరలో ఆలయ ప్రాంగణంలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదికపై పురాణ ప్రవచనం చేసే పెద్దల సరసన నిలబడదగినవాడను కాను. బడి పిల్లలను పరుగెత్తించడమే నా జీవితమంతా నేను చేసిన పని. కనుక నాకు తెలిసిన విషయమే మనవి చేస్తాను. పరుగెత్తే దేహానికి, నడిచే దేహానికి ఏమి పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి? ఇది దేవాలయంలో చెప్పదగిన మాటేనా అని మొదట సంకోచించాను. అతిగా భుజించేవానికీ, బొత్తిగా భుజించనివానికీ యోగం సిద్ధించదని గీతలో ఆరవ అధ్యాయాన భగవానుడే సెలవిచ్చాడు. ఆ ధైర్యంతో మాట్లాడుతున్నాను.

మన అనంతపురం పీఠభూమిలో తెల్లవారుజామున నాలుగున్నరకే బాటలు మేలుకొంటాయి. 2022లో జిల్లా రెండుగా విడివడినా నేల ఒక్కటే, ఎండ ఒక్కటే. ఒకవైపు పోలీసు ఎంపికలకు, సైన్యంలో ప్రవేశానికి సాధన చేసే పిల్లలు పరుగు తీస్తుంటారు. మరొకవైపు కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దర్శనానికో, కదిరి లక్ష్మీనరసింహస్వామి దర్శనానికో కాలినడకన సాగే భక్తులు కనిపిస్తారు. ఎండ ముదరకముందే దూరం తరగాలన్నది ఇరువురి ఆరాటమూ. ఇరువురిలోనూ చాలామంది చేసే పొరపాటు కూడా ఒక్కటే. ఖాళీ కడుపుతో బయలుదేరుతారు.

ఆ పొరపాటును పిల్లలకు నేర్పినవాడను నేనే. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, కడుపు ఖాళీగా ఉంటే ఒళ్ళు తేలికగా ఉంటుంది, పరుగు తేలికగా సాగుతుంది అని బోధించేవాడిని. వానలు మొహం చాటేసిన ఒక ఏడు, పోటీలకు ముందు సాధన చేయిస్తుండగా, పదవ తరగతి బాలుడొకడు మూడవ చుట్టులో తూలి మైదానం అంచున కూలబడ్డాడు. అంతకు వారం ముందునుండే వాని పరుగు మందగించింది. బద్ధకమని గద్దించాను. శిక్షగా అదనంగా రెండు చుట్లు తిరగమన్నాను. వానికి తెలివి వచ్చి లేచి కూర్చున్నాక, బడి ఊడ్చే ఆయమ్మ బెల్లం నీళ్ళు కలిపి తెచ్చి, "ఏం నాయనా, రాత్రి తింటివా?" అని అడిగింది. వాడు తల వంచుకొన్నాడు. ముందునాటి ఉదయం అవ్వ పెట్టిన సంగటి ముద్దే వాడు తిన్న చివరి తిండి. తల్లిదండ్రులు కూలికి బెంగళూరు వెళ్ళారు. ఇంట్లో మిగిలిన పిడికెడు గింజలు అవ్వకూ చెల్లెలికీ వదలి, వాడు నీళ్ళు తాగి పడుకొన్నాడు.

బాలుడు కోలుకొన్నాడు. కానీ మరల మైదానానికి రాలేదు. నా పుస్తకంలో వాడు ఏ రోజు ఎన్ని క్షణాలలో పరుగెత్తాడో రాసి ఉంది. తిన్నాడో లేదో రాసుకొనే గడి మాత్రం ఆ పుస్తకంలో లేదు. ఆయమ్మకు తోచిన ప్రశ్న నాకు తోచకపోవడం నాకు నేటికీ సిగ్గుగానే ఉన్నది.

ఆ తరువాత చాలా కాలానికి, కిష్కింధాకాండలోని స్వయంప్రభ వృత్తాంతం వింటుండగా నా తప్పు నాకు పూర్తిగా బోధపడింది. కిష్కింధ మనకు పొరుగున ఉన్న హంపీ ప్రాంతమేనని ప్రతీతి. సీతమ్మను వెదకుతూ దక్షిణ దిక్కుకు బయలుదేరిన వానరులు నీరు లేని కొండలలో తిరిగి తిరిగి డస్సిపోయారు. ఒక బిలం నుండి తడిసిన రెక్కలతో పక్షులు వెలుపలికి రావడం చూసి, లోపల నీరు ఉన్నదని హనుమంతుడు ఊహించాడు. ఆ చీకటి బిలంలో వారికి స్వయంప్రభ అనే తపస్విని కనిపించింది. అపరిచితులు అంతమంది ఒక్కసారిగా వచ్చి నిలబడితే ఆమె ఏమి చేసింది? ముందు ఈ ఫలాలు తిని, నీరు తాగి, పిదప మీ కథ చెప్పండి అన్నది. మహాబలుడైన హనుమంతుడంతటివాడు ఆ ఆతిథ్యాన్ని స్వీకరించాడు. ఆకలిని దాచుకోవడం వీరత్వమని ఆయన భావించలేదు.

ఇక దేహధర్మం చూద్దాము. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం చక్కెరగా మారి, కొంత కాలేయంలో, అధిక భాగం కండరాలలో నిల్వ ఉంటుంది. కాలేయంలోని నిల్వ సుమారు 100 గ్రాములు మాత్రమే. మనం నిద్రించే వేళ మెదడును పోషించేది ఆ నిల్వయే. రాత్రి ఎనిమిదికి భోంచేసి ఉదయం ఐదుకు లేచినవారికి అందులో చాలా భాగం ఖర్చయి ఉంటుంది. కండరాలలోని నిల్వ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కనుక రాత్రి చక్కగా భోంచేసిన ఆరోగ్యవంతుడు ఉదయాన అరగంట మెల్లగా పరుగెత్తితే ప్రమాదం లేదు. రాత్రి కూడా తిననివానికి, లేదా గంటకు మించి శ్రమించేవానికి కళ్ళు తిరగడం, కాళ్ళు వణకడం, మనసు చిరాకు పడడం సహజం. అది బద్ధకం కాదు. దీపంలో చమురు తగ్గడం.

ఇందువలన మొదటి నియమం: వేకువ పరుగుకు ఆహారం రాత్రే మొదలవుతుంది. జొన్న రొట్టెయో, కొర్ర అన్నమో, రాగి సంగటియో ఏదైనా సరే, పప్పూ ఆకుకూరలతో ఎనిమిది గంటలలోపు తృప్తిగా భుజించాలి. పడుకొనే ముందు నీరు తాగాలి.

రెండవ నియమం: ఉదయం కొంచెమే, సులభంగా అరిగేదే తీసుకోవాలి. పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు, లేదా రెండు మూడు ఖర్జూరాలు చాలు. గంట వ్యవధి ఉంటే బెల్లం కలిపిన పలుచని రాగి జావ ఒక లోటాడు తాగవచ్చు. పానకం కూడా మంచిదే, కానీ చిక్కగా తాగితే కడుపులో తిప్పుతుంది, పలుచగా కలుపుకోవాలి. మన తాడిపత్రి నుండి 2020లో అరటిపండ్లు ప్రత్యేక రైలులో ముంబయి రేవుకు, అక్కడి నుండి విదేశాలకు తరలివెళ్ళాయి. పరదేశాలు కోరి తెప్పించుకొనే పండు మన పిల్లల చేతిలోనూ ఒకటి ఉండాలి కదా.

మూడవ నియమం: బుడ్డలు పరుగుకు ముందు కాదు, తరువాత. వేరుశనగలో నూనె అధికం గనుక అరగడానికి చాలా సేపు పడుతుంది. పరుగు ముగిసిన తరువాత అదే గింజ అమృతం. నూరు గ్రాములలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అలసిన కండరం మరల కట్టుకోవడానికి అవి కావాలి. పరుగైన గంటలోపు గుప్పెడు ఉడికించిన బుడ్డలు, ఉప్పు వేసిన మజ్జిగ, పుట్నాల పొడి చల్లిన ఉగ్గాని తింటే అంతకు మించిన ఫలహారం పట్టణపు దుకాణాలలో వెదకనక్కరలేదు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గానియే కాదని మీరంటారు. ఆ బజ్జీని సాయంత్రానికి వాయిదా వేయండి.

నాలుగవ నియమం నీటిని గురించి. మన పీఠభూమిలో సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపివేస్తే, ఈశాన్య మేఘాలు మనల్ని చేరేసరికి అలసిపోతాయి. ఇక్కడి గాలి పొడిగా ఉండడం వలన చెమట పట్టిన మరుక్షణమే ఆరిపోతుంది. సముద్రతీరంలో పరుగెత్తేవాడు తడిసి ముద్దయి తన నష్టాన్ని తెలుసుకొంటాడు, మనవాడికి తెలియదు. లేచిన వెంటనే ఒక లోటా నీరు తాగండి. మూత్రం ముదురు పసుపు వర్ణంలో ఉంటే దేహం నీటిని అడుగుతున్నదని అర్థం. పరుగుకు ముందు, తరువాత తూచుకొంటే, తగ్గిన ప్రతి కిలో బరువూ దాదాపు ఒక లీటరు నీటితో సమానం. చెమటలో ఉప్పు కూడా పోతుంది గనుక, ఎక్కువసేపు శ్రమించిన రోజున వట్టి నీరు సరిపోదు. ఉప్పు కలిపిన మజ్జిగ కావాలి.

రాగులను గురించి ఒక్క మాట. రాగి మన తాతముత్తాతల పంటయే అయినా దాని పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా మెట్టభూములు. ఇథియోపియా, కెన్యా దేశాల పరుగువీరులు పుట్టిన ఎత్తైన నేలలు ఆ ప్రాంతంలోనివే. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఒట్టి కాళ్ళతో పరుగెత్తి గెలిచిన అబెబె బికిలా ఇథియోపియావాడు. అక్కడివారి నిత్యాహారమైన టెఫ్ కూడా రాగికి దగ్గరి చుట్టమైన చిరుధాన్యమే. సంగటి తింటే ఒలింపిక్స్ గెలుస్తామని నేను చెప్పడం లేదు. అది పేదవాని తిండి అని సిగ్గుపడి, ఇంట్లో రాగులు ఉండగా ఖరీదైన పొడి డబ్బాల కోసం అప్పులు చేయవద్దని చెబుతున్నాను. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అందులో పదవ వంతు కూడా ఉండదు.

ఆడపిల్లల తల్లులకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళలోపు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రక్తం తక్కువైన అమ్మాయి ఎంత సాధన చేసినా ఆయాసపడుతుంది. ఆ ఆయాసాన్ని ఆమె అశక్తత అనుకోకండి; రక్తపరీక్ష చేయించండి. సజ్జ రొట్టె, ఆకుకూర, వాటిపై పిండిన నిమ్మరసం మేలు చేస్తాయి. భోజనం వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. గంట ఆగి తాగండి. ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే ఆచారాన్ని పరుగెత్తే బిడ్డ విషయంలోనైనా మానుకోండి.

పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు నిమిషాలలో ముగిసిపోతుంది. కానీ ఆనాడు మన వరుస రావడానికి గంటలు పట్టవచ్చు. ఉదయం తిన్న అరటిపండు పదింటికి మిగలదు. సంచిలో మరో పండు, నీటి సీసా ఉంచుకోండి. ఏనాడూ తినని కొత్త పదార్థాన్ని ఆనాడు తినవద్దు.

పాదయాత్రికులకు కూడా ఇవే నియమాలు. గంటకొకసారి కొద్దిగా తింటూ నడవండి. మధుమేహం ఉన్నవారు యాత్రకు ముందు వైద్యుని అడిగి మందుల మోతాదు తెలుసుకోవాలి. బెల్లం ముక్కయో, చక్కెర పొట్లమో చెంత ఉంచుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడితే వెంటనే దానిని నోట వేసుకొని కూర్చోవాలి. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏమీ పోయకూడదు; పక్కకు తిప్పి పడుకోబెట్టి వైద్య సహాయం పిలవాలి. శనివారమో, ఏకాదశియో ఉపవాసం ఉండేవారు ఆ రోజు పరుగు మానండి. ఉపవాసమంటే భగవంతుని సమీపంలో వసించడం. ఆనాడు గుడి చుట్టూ మెల్లగా ప్రదక్షిణం చేస్తే చాలు.

చివరగా ధర్మకర్తలకు, దాతలకు ఒక ప్రార్థన. మన అన్నదాన సత్రంలో పొయ్యి వెలిగి వడ్డన మొదలయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. మన కోనేటి గట్టు వెంట పరుగెత్తే పిల్లలు ఉదయం ఏడింటికే ఇళ్ళకు మరలిపోతారు. ఆ వేళకు ఒక గుండిగ రాగి జావ, ఒక గంప ఉడికించిన బుడ్డలు, ఒక కడవ మజ్జిగ సిద్ధంగా ఉంచగలమా? ఆకలిగొన్న పిల్లలకే పెడతామంటే ఒక్కరూ ముందుకు రారు. ఆకలిని దాచుకోవడం పేదింటి బిడ్డ మొదట నేర్చుకొనే విద్య. కనుక పేదా గొప్పా ఎంచక, పరుగెత్తి వచ్చిన ప్రతివారికీ, నడిచి వచ్చిన ప్రతి యాత్రికునికీ ప్రసాదంగా ఇద్దాము. ప్రసాదానికి చేయి చాచడంలో ఎవరికీ చిన్నతనం లేదు.

ఊరు, పేరు, ఎన్ని నిమిషాలలో పరుగెత్తావన్న లెక్క, అవన్నీ తరువాత అడుగుదాము. స్వయంప్రభ చూపిన క్రమం అదే. ఆ గుండిగ వెలిగిన మొదటి ఉదయం గరిటె పట్టుకొనే సేవ నాకు దయచేయండి. నా పుస్తకంలో ఏనాటినుండో ఖాళీగా ఉన్న ఒక గడిని నింపుకోవాలి.

స్వస్తి.