బ్యాంకులో ఉన్నదంతా మనది కాదు

(భోపాల్‌పట్నంలో విద్యార్థులు, సంఘ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ మనం ఇళ్లలో తెలుగు, గోండీ, దోర్లి మాట్లాడుకుంటాం. సంఘం లెక్కలు మాత్రం హిందీలో రాస్తాం. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి లేచి "ఖాతాలో ఇంత ఉంది" అంటారు, చప్పట్లు కొడతాం. ఆ అంకె గురించే నేను మాట్లాడాలి.

ఉదాహరణకు ఖాతాలో 1,80,000 రూపాయలు ఉన్నాయనుకోండి. అందులో 1,20,000 హాస్టల్ పిల్లల పుస్తకాలకని దాత ఇచ్చినవి. వాటితో గది అద్దె కట్టకూడదు. మిగిలింది 60,000. అద్దె, కరెంటు, ట్యూషన్ చెప్పే ఇద్దరి గౌరవవేతనం కలిపి నెలకు 15,000 అయితే, కొత్త డబ్బు రాకుండా సంఘం నడిచేది నాలుగు నెలలే. పన్నెండు కాదు. ప్రతి మార్చి 31న ఈ నెలల లెక్కను ఒకే పుస్తకంలో, ఒకదాని కింద ఒకటి రాయండి. ఆడిట్ రిపోర్టులో ఈ ఏడాది, మహా అయితే పోయిన ఏడాది కనిపిస్తాయి. తొమ్మిది నెలల నుంచి ఏడుకు, ఏడు నుంచి నాలుగుకు దిగజారడం అందులో కనబడదు.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. సాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చారు. అదే ఏడాది బాబాసాహెబ్ చదువుకోసం మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో పత్రిక ఆగిపోయింది. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం వెలువడింది కూడా ఆ ఏడాదే! ఒక్కసారి వచ్చిన విరాళాన్ని ఏటా వచ్చే ఆదాయంగా లెక్కేసుకునే సంఘాలు ఈ చరిత్రను చదవాలి.

2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక మనలాంటివాళ్లకు ఇబ్బంది పెరిగింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఆ నిధిలో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. నగరంలోని పెద్ద సంస్థ ద్వారా పల్లె సంఘానికి ఆ డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది.

"సేవాసంస్థ డబ్బు మిగుల్చుకోవచ్చా?" అని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. మిగుల్చుకోవచ్చు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం తన ఆశయాలకు ఖర్చు చేయాలి, 15 శాతం నిల్వ ఉంచుకోవచ్చు. అంతకు మించి కావాలంటే ఫలానా పనికని రాసిచ్చి ఐదేళ్ల దాకా కూడబెట్టుకోవచ్చు. పెద్దకులాల ట్రస్టులకు భవనాలు, డిపాజిట్లు ఉంటే ఎవరూ నోరెత్తరు. మన దగ్గర ఆరు నెలల అద్దె ఉంటే మాత్రం అనుమానం!

వచ్చే సమావేశంలో మూడు అంకెలు తెలుగులో, గోండీలో చదివించండి: ఖాతాలో ఎంత, అందులో ఫలానా పనికని వచ్చింది ఎంత, మిగిలినదానితో ఎన్ని నెలలు. కోశాధికారి గారు ఐదేళ్ల ఆడిట్ కాగితాలు తెచ్చారు. నా దగ్గర గీతలు గీసిన నోటుబుక్కు ఉంది. రండి, మొదటి పేజీ ఇప్పుడే నింపుదాం.