పనికిరాని సెల్లులో పనికివచ్చు భాగములు

(ఎల్లారెడ్డిపేట ప్రాంత గ్రామ పంచాయతి సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



నేడు మీ ముందుంచదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. చొక్కా జేబులో ఇముడును. టార్చిలైటులోను, గోడ గడియారములోను, టీవీ రిమోటులోను వాడి పారవైచిన సెల్లు అది. రహదారులు, మంచినీరు, మురుగుకాలువలు మొదలగు పెద్ద సమస్యలుండగా ఈ సెల్లు ముచ్చట యెందులకని మీరనుకొనవచ్చును. కాని యింటింటినుండి చెత్తబండిలో పడుచున్న ఈ చిన్న వస్తువు పిల్లవానికి విజ్ఞానమునైనను ఇయ్యగలదు, విషమునైనను ఇయ్యగలదు. ఏది అందవలెనో నిర్ణయింపగలవారు గ్రామ పెద్దలైన మీరే.

సెల్లు మన పల్లెలకు కొత్తది కాదు. 1970లో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము ఏర్పడి ఈ ప్రాంతపు పల్లెలకు కరెంటు తెచ్చుటకు పూర్వము రాత్రివేళ పొలమునకు పోవు రైతునకు లాంతరు, కాకున్న టార్చిలైటు దిక్కు. విద్యుత్తు లేని గ్రామములలో పంచాయతి రేడియో సైతము బ్యాటరీల మీదనే పలికెడిది. వాడిన సెల్లులోని నల్లని మందును ఆకు పసరుతో నూరి బడిలోని నల్లబల్లకు పూసిన సంగతి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. నాటివారికి సెల్లు చచ్చిన పిదప గూడ ఒక వస్తువే. ఆ పొదుపు మంచిదే గాని, ఆ మందును వట్టిచేతులతో నూరుట మంచిది కాదని నేడు తెలియుచున్నది. అందులోని మాంగనీసు ధూళి ఊపిరితో లోనికి పోయిన నరములకు హాని కలుగును.

సెల్లు లోపల ఏమున్నది?

1866లో జార్జి లెక్లాంషే అను ఫ్రెంచి ఇంజనీరు ద్రవముతో పనిచేయు సెల్లును నిర్మించెను. 1886లో కార్ల్ గాస్నర్ అను జర్మను వైద్యుడు దానిని ఒలకని పొడి సెల్లుగా మార్చెను. మన టార్చిలైటులోని మామూలు సెల్లు ఆ వంశములోనిదే. పై రేకు లోపల జింకు డబ్బా యుండును, అదియే రుణధ్రువము. నడుమ కార్బను కడ్డీ, దాని తలపై లోహపు టోపీ యుండును, అది ధనధ్రువము. ఈ రెంటి నడుమ మాంగనీసు డయాక్సైడు, బొగ్గుపొడి కలిపిన నల్లని మందును, దానిని తడిగానుంచు అమ్మోనియం క్లోరైడు లేక జింకు క్లోరైడు ద్రావణమును ఉండును.

సెల్లు విద్యుత్తు నిచ్చుకొలది జింకు తరిగిపోవును. కార్బను కడ్డీ మాత్రము తరుగదు. కనుక చచ్చిన సెల్లులో సైతము కడ్డీ కొత్తదానివలెనే యుండును. జింకు తరిగి చిల్లులు పడిన పిదప లోపలి తడి బయటికి కారును. వర్షాకాలములో నేను మరచిపోయి సెల్లులుంచిన టార్చి ఒకటి ఇట్లే లోన తుప్పుపట్టి చెడిపోయినది. పది రూపాయల సెల్లు రెండువందల టార్చిని తినివేసెను.

బడిలో చేయదగిన పనులు

మొదటిది కార్బను కడ్డీ. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి వారి 8వ తరగతి విజ్ఞాన పాఠ్యపుస్తకములో, పారవైచిన రెండు సెల్లుల కడ్డీలతో నీటిలో విద్యుత్తును పంపు ప్రయోగము అనేక సంవత్సరములు పాఠముగా నుండెను. కడ్డీల టోపీలను గరుకుకాగితముతో రుద్ది, రాగితీగ చుట్టి, బ్యాటరీకి కలిపి నీటిలో ముంచిన, కడ్డీల చుట్టు వాయువు బుడగలు లేచును. నీటిలో ఉప్పు వేసిన కొంత క్లోరిను పుట్టును గనుక వంటసోడా వేయుట మేలు. ఈ పని గాలి వెలుతురు గల చోట జరుగవలెను. ఇంటి కరెంటు తీగను దీనికి ఎన్నడును తగిలింపరాదు.

సెల్లును విప్పవలసినవాడు పిల్లవాడు కాదు, ఉపాధ్యాయుడు. చేతులకు తొడుగులు ధరించి, క్రింద పాత కాగితము పరచి, పట్టుకారుతో టోపీని పట్టి కడ్డీని మెల్లగా లాగవలెను. మిగిలిన మందును, రేకును సంచిలో కట్టి విడిగా నుంచవలెనే గాని చెట్టు మొదట పోయరాదు.

రెండవది తొమ్మిది వోల్టుల చతురపు బ్యాటరీ తల. కరెంటు పనివారి మీటరులలో ఈ బ్యాటరీ యుండును. దాని లోపల ఒకటిన్నర వోల్టుల చిన్న సెల్లులు ఆరు వరుసగా కూర్చబడియుండును. పై రేకును విప్పి, రెండు గుండీలు గల తలపలకను మాత్రము తీసి రెండు తీగలు అతికినచో కొత్త బ్యాటరీకి తగిలించు క్లిప్పు సిద్ధమగును. ఇచ్చట ఒక మెలిక కలదు. బ్యాటరీపై చిన్న గుండీ ధనధ్రువము, పెద్ద గుండీ రుణధ్రువము. క్లిప్పుగా తిరుగవేసి తగిలించినపుడు కొత్త బ్యాటరీ చిన్న గుండీ మన పలకలోని పెద్ద గుండీలో కూర్చుండును. కనుక ఎర్రతీగను పెద్ద గుండీకి, నల్లతీగను చిన్న గుండీకి అతుకవలెను. ఇది తారుమారైనచో విద్యార్థి కట్టిన చిన్న రేడియోలోని భాగములు కాలిపోవును.

మూడవది మిగిలిన శక్తి. టార్చికి చాలని సెల్లు గోడ గడియారమును ఇంకను కొన్నాళ్ళు నడుపునని మన గృహిణులకు తెలియును. తెల్లని ఎల్.ఇ.డి. దీపము వెలుగుటకు సుమారు మూడు వోల్టులు కావలెను. అయినను ఒక ట్రాన్సిస్టరు, ఒక నిరోధకము, రెండు చుట్లు తీగ చుట్టిన ఫెర్రైటు ఉంగరము కలిపి కట్టిన చిన్న వలయము, ఒక వోల్టుకు దిగిన సెల్లుతో గూడ ఆ దీపమును వెలిగించును. మినుకు మినుకుమను శక్తిని నిమిషనిమిషమునకు గాక క్షణములో వేలసార్లు కూడబెట్టి వదలుటయే దాని కిటుకు. పని ముగియగానే సెల్లును తీసివేయవలెను, లేకున్న కారును.

విప్పరానివి

ఇంతవరకు చెప్పినది మామూలు జింకు సెల్లునకు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తలకు మాత్రమే. ‘ఆల్కలైన్’ అని వ్రాసిన సెల్లును విప్పరాదు. అందులోని కాస్టిక్ పొటాషు చర్మమును, కన్నును కాల్చును. తొమ్మిది వోల్టుల బ్యాటరీపై ఆ మాట యున్నను లోని సెల్లులను కదపరాదు. సెల్‌ఫోను, పవర్‌బ్యాంకు, ల్యాప్‌టాపులలోని లిథియం బ్యాటరీకి మేకు దిగిన మంట లేచును. చార్జింగు టార్చిలలో, ఇన్వర్టరులలో సీసము, ఆమ్లము ఉండును. గుండీ సెల్లును పసిబిడ్డ మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చగలదు. ఒక్క నిమిషము జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పంచాయతి చేయదగినది

2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమావళిని ప్రకటించెను. దాని ప్రకారము వాడిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలుపక వేరుగా నుంచి, సేకరించువారికి గాని పునర్వినియోగము చేయువారికి గాని అప్పగించుట వాడుకదారుని విధి. తిరిగి సేకరింపజేయు బాధ్యత తయారీదారులపై నున్నది.

కాబట్టి బడిలో ఒకటి, పంచాయతి కార్యాలయములో ఒకటి మూతగల ప్లాస్టిక్ డబ్బాల నుంచుడు. చతురపు బ్యాటరీల, లిథియం బ్యాటరీల కొనలకు టేపు అంటించుడని చెప్పుడు. ట్రాక్టరుతో చెత్త సేకరించు కార్మికులకు సెల్లులు వేరుచేయుట నేర్పుడు. డంపింగు యార్డులో చెత్తకు నిప్పుపెట్టుటను ఖండితముగా ఆపుడు. కాలిన బ్యాటరీల బూడిద వానలో కొట్టుకొనిపోయి చెరువు చేరును. ఆ చెరువు నీరే మన పశువులు త్రాగును.

ఇందులకు పెద్ద నిధులు అక్కరలేదు. రెండు డబ్బాలు, ఒక ఉపాధ్యాయుని శ్రద్ధ, మీ మాట చాలును. మగ్గపు చప్పుడు వినుచు పెరిగిన మన ప్రాంతపు పిల్లలకు యంత్రములన్న భయము లేదు. వారి చేతికి చచ్చిన సెల్లు ఎట్లును దొరుకును. చెత్తకుప్ప వద్ద రాతితో పగులగొట్టి చూచుటకు మారుగా, బడిలో గురువు చెంత విప్పి చూచునట్లు చేయుడని మిమ్ములను కోరుచు సెలవు తీసికొనుచున్నాను.